పేరు, ఊరు, తేదీ: బెంగళూరు మ్యాన్‌హోల్ మరణాల ఆర్కైవ్ డైరీ

జులై 6, 2025, ఆదివారం

పని హద్దులు ఈరోజు తేల్చుకున్నాం. బెంగళూరులో మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో, అపార్టుమెంట్ల ఎస్‌టీపీల్లో (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్లలో) దిగి చనిపోయినవాళ్ల రికార్డులే తీసుకుంటాం. ప్రారంభం 1993. మురుగు పనిలో 1993 నుంచి పోయిన ప్రతి ఒక్కరినీ గుర్తించి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న చెప్పింది. 2023 అక్టోబరు 20 తీర్పు ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. అప్పటికింకా పైసా అందని పాత కుటుంబాలకూ అదే వర్తిస్తుందంది. అందుకే 1990ల నాటి చిరిగిన ఎఫ్ఐఆర్ నకలుకు ఇవాళ కూడా పని ఉంది.

ఇది తెలుగువాళ్లు పట్టుకోవాల్సిన పనే. ఈ ఊళ్లో వీధులు ఊడ్చేవాళ్లలో, మురుగు తీసేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. రాయలసీమ నుంచి వచ్చినవాళ్లున్నారు, తరాలుగా కోలారు వైపు స్థిరపడినవాళ్లున్నారు. చేత్తో మలం ఎత్తించే పనికి వ్యతిరేకంగా పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ స్థాపకుల్లో ఒకరైన విల్సన్ పుట్టింది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోనే. ఆయన ఇంటిపేరు బెజవాడ.

సామాను: లైనక్స్ వేసిన పాత లాప్‌టాప్, ఎస్పీ రోడ్డులో కొన్న 4 టీబీ డిస్కులు రెండు, కార్డ్ రీడర్, ఫ్లాట్‌బెడ్ స్కానర్, పేజీ నంబర్లు అచ్చేసిన బౌండు నోటుబుక్కు. డిస్కులు రెండూ వేర్వేరు కంపెనీలవి. ఒకే బ్యాచ్‌లో తయారైనవి ఒకే వయసులో పోతుంటాయి. మూడో నకలు చెన్నైలో ఉంటుంది. అన్నింటికీ పాస్‌ఫ్రేజ్ లేకుండా తెరుచుకోని లక్స్ ఎన్‌క్రిప్షన్ వేశాం. పాస్‌ఫ్రేజ్‌ను సీలు వేసిన కవర్లలో రెండు ఇళ్లలో పెట్టాం. దొంగలు పడి పోయిన ఆర్కైవుల కంటే పాస్‌వర్డ్ మరిచిపోయి పోయినవే ఎక్కువని మా అనుమానం.

జులై 13

ఫోను నుంచి ఫైలు తీసుకునే పద్ధతి. ఇక్కడ తప్పితే తర్వాత ఏం చేసినా దిద్దుకోలేం.

ముందు వాట్సాప్ సంగతి. వీడియోనో ఫొటోనో మామూలుగా పంపితే అది కుదించుకుపోతుంది. లోపలి ఎక్సిఫ్ సమాచారం, అంటే తీసిన సమయం, ఫోను మోడల్, జీపీఎస్ అన్నీ ఎగిరిపోతాయి. అదే ఫైలును ‘డాక్యుమెంట్’ కింద జోడిస్తే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫైలు పేరు ‘వీఐడీ’తో మొదలై, తేదీ, ‘డబ్ల్యూఏ’, నాలుగంకెలు ఉంటే అది వాట్సాప్ మీదుగా నడిచొచ్చింది. ఆ పేరులో ఉన్న తేదీ ఫైలు ఆ ఫోనుకు చేరిన రోజు. తీసిన రోజు అదేనని రాసుకుంటే మోసపోతాం. ఇలాంటివి వదిలేయం గానీ ‘చేతులు మారినది’ అని గుర్తు పెట్టి, మొదట ఎవరి ఫోన్లో తీశారో వెనక్కి వెతుక్కుంటూ పోతాం.

రెండోది టైము. మొబైల్ ఎంపీ4 వీడియో లోపల రాసి ఉండే సమయం సాధారణంగా యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. ఫొటో ఎక్సిఫ్‌లో ఉండేది మన గడియారం. తేడా ఐదున్నర గంటలు. మురుగు పని ఎక్కువగా ట్రాఫిక్ తగ్గాక, రాత్రిపూట చేయిస్తారు. తెల్లవారుజామున 3:10కి తీసిన వీడియో లోపల ముందురోజు 21:40 కనిపిస్తుంది. అర్ధరాత్రికీ ఉదయం 5:30కీ మధ్య తీసిన ప్రతి వీడియోదీ ఇదే గతి. తేదీ ఒకరోజు వెనక్కి జరిగితే ఎఫ్ఐఆర్‌తో పొంతన ఉండదు. అవతలి వకీలుకు అంతకంటే ఏం కావాలి? ఇకనుంచి మూడు గళ్లు: ఫైలులో ఉన్నది ఉన్నట్టు, భారత కాలమానంలోకి మార్చింది, ఎవరు మార్చారన్నది.

తీసుకునే క్రమం ఇది. యజమాని ఎదుటే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. దాని గడియారాన్నీ మన గడియారాన్నీ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో తీయాలి. యూఎస్‌బీ తగిలించి మౌసుతో లాగి పడేస్తే ఫైలు తేదీలు మారే ప్రమాదం ఉంది, అందుకే కంప్యూటరు నుంచి ఆండ్రాయిడ్ ఫోనుకు ఆదేశాలిచ్చే ఏడీబీలో పుల్ ఆదేశానికి ‘-ఏ’ చేర్చి తీయాలి. వెంటనే ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్రలాంటి సంఖ్య, లెక్కించాలి. మొదటి 8, చివరి 8 అక్షరాలు నోటుబుక్కులో చేత్తో రాయాలి. మొత్తం హ్యాష్ అచ్చేసిన చీటీ ఒకటి యజమానికి ఇవ్వాలి. మెమరీ కార్డయితే చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా (రీడ్-ఓన్లీగా) మౌంట్ చేయాలి. ఎడాప్టర్ పక్కనున్న చిన్న లాక్ మీటను నమ్ముకోవద్దు, దాన్ని పట్టించుకోవాలో వద్దో రీడర్ ఇష్టం.

జులై 20

పట్టికకు గళ్లు గీశాం. మొదట 40 అనుకున్నవి 23కి దిగాయి. ఎవరూ నింపని గడి ఉన్నా లేనట్టే.

తేదీలే నాలుగున్నాయి: ఘటన, మరణం, పోలీసు నమోదు, వార్త. స్థలం రకం వేరే గడి: రోడ్డు కింది భూగర్భ డ్రైనేజీయా (యూజీడీ), అపార్టుమెంటు ఎస్‌టీపీయా, హోటలు మురుగు గుంతా. పని ఎవరు చెప్పారు అనే గడిలో మేస్త్రి, అతని పైన కాంట్రాక్టరు, ఆ పైన అసలు యజమాని, మూడు వరసలు. ఎఫ్ఐఆర్‌లో సాధారణంగా మొదటి వరసే దొరుకుతుంది.

‘మొదట దిగినవాడా, కాపాడబోయి దిగినవాడా’ అన్న గడి తప్పనిసరి. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో 100 పీపీఎం (పది లక్షల్లో 100 వంతులు) దగ్గరకొచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన లేదు కదా అని రెండోవాడు దిగుతాడు. 2017 మార్చిలో సి.వి.రామన్ నగర్ పక్కన కగ్గదాసపురలో పోయిన ముగ్గురిలో ఒకతను అలా దిగినవాడే. కాపాడబోయినవాడు ‘పనివాడు కాదు’ కాబట్టి లెక్కలోకి రాడని వాదించడానికి ఆస్కారం ఉంది. అందుకే ఆ గడి.

‘కాలుజారి పడ్డాడు’ అని ఒక కాగితంలో, ‘దించారు’ అని మరోదాంట్లో ఉంటే రెండూ రాస్తాం. ఏది నిజమో పట్టికలో తేల్చం.

జులై 27

వెబ్ పేజీల వంతు. వార్తాసైట్లలో ఒక్క లింకుకే మూడు రూపాలు ఉంటాయి. పొద్దున ‘ఇద్దరు మృతి’, మధ్యాహ్నానికి ‘ముగ్గురు’, సాయంత్రానికి కాంట్రాక్టరు పేరు మాయం. కొత్త ఘటన జరిగితే గంటలోపు ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి దించాలని పెట్టుకున్నాం.

స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా పుట్టించగలరు. అందుకే ఆర్కైవ్‌వెబ్.పేజ్ ఎక్స్‌టెన్షన్‌తో వాక్జ్ ఫైలుగా పట్టుకుంటున్నాం. పేజీ, బొమ్మలు, సర్వరు ఇచ్చిన జవాబులు అన్నీ అందులో ఉంటాయి. అక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది: లాగిన్ అయి పేజీ పడితే మన కుకీలు, ఖాతా పేరు కూడా ఆ ఫైలులోకి ఎక్కొచ్చు. దాన్ని ఇంకొకరికి ఇస్తే మన తాళంచెవి ఇచ్చినట్టే. ఈ పనికి విడిగా బ్రౌజర్ ప్రొఫైల్, విడిగా ఖాతా పెట్టుకున్నాం. క్యాప్చా ఉన్న పోలీసు సైట్లను పేజీలను వాటంతటవే దించే ఆటోమేటిక్ క్రాలర్లు దాటలేవు. అవి చేత్తోనే పడుతున్నాం.

ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లోనూ దాస్తున్నాం, కానీ దానిమీదే ఆధారపడటం లేదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి మూతపడింది. పార్లమెంటు జవాబుల పాత లింకులు కూడా సన్సద్ అనే కొత్త సైటుకు మారాక చచ్చిపోయాయి. మురుగు మరణాల మీద రాష్ట్రాలవారీ లెక్కలు దొరికేది ఆ జవాబుల్లోనే. లింకు కాకుండా సభ, ప్రశ్న నంబరు, తేదీ రాసుకుంటే రేపు ఇంకెక్కడికి మార్చినా దొరుకుతుంది.

వీడియోలు దించుకోవడానికి వైటీ-డీఎల్‌పీ. ‘యూట్యూబ్‌లో ఉంది కదా’ అనేవాళ్లకు ఒక్క మాట: 2017లో తీవ్రవాద వీడియోలను యంత్రం చేత ఏరివేయించినప్పుడు సిరియా యుద్ధంలో పౌరులు తీసిన సాక్ష్యాల వీడియోలు కూడా పెద్ద ఎత్తున లేచిపోయాయి. 2014 నుంచి నకళ్లు దించుతున్న సిరియన్ ఆర్కైవ్ వాళ్ల పద్ధతులనే మేమూ చదువుకుంటున్నాం. దాంతోపాటు ఇంటర్నెట్‌లో దొరికే సాక్ష్యాల సేకరణ మీద 2020లో వచ్చిన బర్కిలీ ప్రోటోకాల్.

ఆగస్టు 10

పాత పేపరు కటింగులు. అక్షరాలున్న కాగితాలు 300 డీపీఐ, ఫొటోలు 600. థర్మల్ కాగితం మీద వచ్చిన ఆసుపత్రి బిల్లులు, ఏటీఎం చీటీలు ముందు స్కాన్ చేయాలి. వేసవి దాటితే తెల్లకాగితమే మిగులుతుంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టినవి ఇంకా తొందరగా వెలిసిపోతున్నాయి.

బొమ్మలోని అక్షరాలను చదివే (ఓసీఆర్) సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్‌లో తెలుగు, కన్నడ మోడళ్లున్నాయి. శుభ్రమైన పుస్తకం పేజీకి పనికొస్తాయి. న్యూస్‌ప్రింట్ మీద మాత్రం వత్తులు మింగేస్తుంది, ‘మ’ను ‘య’గా, ‘ప’ను ‘స’గా చదువుతుంది. పేర్లే మనకు ముఖ్యం, పేర్లలోనే తప్పులెక్కువ. కాబట్టి ఓసీఆర్ వెతుక్కోవడానికి మాత్రమే. పేరు, ఊరు, తేదీ మనిషి టైపు చేయాల్సిందే, ఇంకో మనిషి సరిచూడాల్సిందే. తెలుగు అచ్చుకు వాడిన పాత ‘అను’ ఫాంట్ల కాలం నాటి పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే గజిబిజి రోమన్ అక్షరాలొస్తాయి. వాటిని బొమ్మలుగానే చూసుకుంటున్నాం.

ఆగస్టు 24

అసలు చిక్కు ఇది. ఇవాళంతా దీనికే పోయింది, ఇంకా రెండు ఆదివారాలు పోతాయి.

బెంగళూరులో చనిపోయిన తెలుగు కార్మికుడి పేరు మూడు భాషల కాగితాల్లో నడుస్తుంది. ఒక కల్పిత పేరుతో చూద్దాం. ఊళ్లో అతను గొల్లపల్లి ఓబులేసు, తండ్రి నారాయణప్ప. కన్నడ ఎఫ్ఐఆర్‌లో ‘ఓబళేశ బిన్ నారాయణప్ప’. ఇక్కడి కాగితాల్లో ‘బిన్’ అంటే ఫలానావారి కొడుకు, ‘కోం’ అంటే ఫలానావారి భార్య. తెలియనివాళ్లు ‘బిన్’ను పేరులో భాగం చేసి ఎక్కిస్తున్నారు. ఇంగ్లిషు పేపర్లో ‘ఓబలేష్ ఎన్’, తండ్రి పేరు పొడి అక్షరమై వెనక చేరింది. తెలుగు పేపర్లో ‘జి.ఓబులేసు’, ఇంటిపేరు పొడి అక్షరమై ముందు నిలిచింది. మేస్త్రి మస్టరులో (హాజరు పట్టీలో) ‘ఒబ్లేసు’. వయసు ఒకచోట 28, ఒకచోట 32, ఇంకోచోట 35. కంప్యూటరుకు వీళ్లు ఐదుగురు. పరిహారం జాబితా తయారుచేసే గుమస్తాకు వీళ్లలో ఒక్కడూ వారసుడి ఆధార్ కాగితంలోని తండ్రి పేరుతో సరిపోడు.

చేస్తున్నది ఇదీ. కాగితంలో ఉన్న పేరును ఆ లిపిలోనే, తప్పులతో సహా ఒక గడిలో ఉంచుతాం. పక్కన ‘ఎముకల పేరు’ అని ఇంకో గడి. దీర్ఘాలు, గుణింతాలు తీసేయడం, ల-ళ ఒకటి చేయడం, శ-ష-స ఒకటి చేయడం, మహాప్రాణాలను అల్పప్రాణాలు చేయడం, ఇంటిపేరు, తండ్రి పేరు, పొడి అక్షరాలు, చివరి లు, అప్ప, అయ్య, అన్న కత్తిరించడం. పై రూపాల్లో మూడు ‘ఒబలస’ అవుతాయి. ఇంగ్లిషు పేపరు రూపం ‘ఒబలస్’ దగ్గర, మస్టరు రూపం ‘ఒబ్లస’ దగ్గర ఆగాయి, వాటికి పొల్లును అకారం చేసే నియమం కలిపాం.

పొడుగు పేర్లకు ఇది బాగుంది. పొట్టి పేర్లకు పనికిరాదు. రాజు, రాజ, రాజన్న, రాజప్ప అందరూ ‘రజ’ అయి కూర్చుంటారు. నాగరాజుల సంగతి చెప్పక్కర్లేదు. అందుకని ఎముకల పేరు కలిసినంత మాత్రాన ఒకే మనిషి అనుకోం. ఘటన తేదీ 3 రోజుల లోపు ఉండాలి, స్థలం 2 కిలోమీటర్ల లోపు ఉండాలి, తండ్రి లేదా భార్య పేరు కలవాలి, సొంతూరు కలవాలి. నాలుగింట్లో మూడు కలిస్తే ఇద్దరు వలంటీర్లు ఒకరి నిర్ణయం ఇంకొకరు చూడకుండా తేలుస్తారు. ఇద్దరూ ఔనంటేనే రికార్డులకు ముడి పడుతుంది. ఒకదాంట్లో ఒకటి కలిపేయడం మాత్రం లేదు. రేపు తప్పని తేలితే ముడి విప్పొచ్చు, కలిపేసినదాన్ని విడదీయడం మావల్ల కాదు.

సొంతూరు గడి కూడా తిన్నగా లేదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2017 కాగితంలో ‘అనంతపురం జిల్లా, మడకశిర’ అని ఉంటే ఆ కుటుంబం ఇప్పుడు తిరగాల్సింది శ్రీ సత్యసాయి జిల్లా ఆఫీసుల చుట్టూ. కర్ణాటక పోలీసులు మండలాన్ని తాలూకా అని రాస్తారు. తెలంగాణ కాగితాల్లో 2016కు ముందు 10 జిల్లాలే. పాత జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాసి, ఊరికి కేంద్రం ఇచ్చిన ఎల్‌జీడీ కోడు జతచేస్తున్నాం.

సెప్టెంబరు 7

మంగళవారం నుంచి బెంగళూరు మహానగర పాలిక బీబీఎంపీ లేదు. సెప్టెంబరు 2న దాని స్థానంలో ఐదు నగర పాలికెలు వచ్చాయి. మా పట్టికలో ‘వార్డు నంబరు’ అనే గడి ఒక్కరోజులో అబద్ధమైంది. అసలు 198 వార్డుల కాలం నంబరుకూ ఆ తర్వాత పునర్విభజన చేసిన నంబరుకూ ముందే పొత్తు లేదు. ఆ గడి కొట్టేసి అక్షాంశ రేఖాంశాలు పెట్టాం. పాత వార్డు పేరు ‘కాగితంలో ఉన్నది’ గడిలోకి పోయింది.

స్థలం గుర్తుపట్టడానికి నీడలను బట్టి సమయం కట్టే సన్‌కాల్క్ గురించి అందరూ చెబుతారు. రాత్రిపూట వీడియోలకు అది ఎందుకు? మాకు పనికొస్తున్నవి దుకాణం బోర్డు మీది అడ్రసు, కరెంటు సంస్థ బెస్కాం స్తంభం నంబరు, వెనక పోయే బీఎంటీసీ బస్సు రూటు నంబరు. గూగుల్ స్ట్రీట్ వ్యూ ఇక్కడికి వచ్చింది 2022 జులైలో. అంతకుముందు ఘటనలకు మెట్రో తవ్వకాల ముందరి వీధి ఎలా ఉండేదో అక్కడి పాతకాపుల్ని అడగాల్సిందే.

సెప్టెంబరు 21

వాంగ్మూలాలు. కాగితం మీద సంతకం తీసుకుంటే చాలదు. చదవలేని మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోలు కాదు. ఒప్పుకోలు కూడా ఆడియోలోనే, వాళ్ల మాటల్లోనే తీసుకుంటున్నాం. అడిగే తీరు ఇలా ఖాయం చేశాం: “అక్కా, నువ్వు చెప్పేది ఈ ఫోన్లో పట్టుకుంటాం. మధ్యలో ఆపమంటే ఆపేస్తాం. ఇది ఎవరెవరు వినొచ్చు? అందరూనా, చదువుకునేవాళ్లా, కోర్టులోనా, నువ్వు చెప్పేదాకా ఎవరూ వద్దా? రేపు మనసు మారితే ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పు చూద్దాం.” చివరి ప్రశ్నకు ఆమె జవాబు చెప్పగలిగితేనే అర్థమైనట్టు. నాలుగు మెట్లకు నాలుగు గుర్తులు, ఆరు నెలలకొకసారి మళ్లీ అడగాలి. పరిహారం కేసు నడిచేటప్పుడు ‘అందరూ’ అన్నవాళ్లే తర్వాత అద్దె ఇల్లు దొరక్క ‘ఎవరూ వద్దు’ అనొచ్చు.

కులం గడి ఉంది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాలంటే అది కావాలి. వాళ్లు చెప్పినట్టే రాసి, విడి ఫైలులో, విడి తాళంతో ఉంచాం. బయటికిచ్చే ఏ పట్టికలోనూ రాదు.

వీడియోలు చూసేవాళ్లకు నియమాలు: నలుపు తెలుపులో, శబ్దం లేకుండా, చిన్న కిటికీలో మొదలుపెట్టాలి. ఆడియో అవసరమైతే బొమ్మ మూసి వినాలి. ఒక విడతలో 90 నిమిషాలు దాటకూడదు. రాత్రి పది తర్వాత అసలొద్దు.

అక్టోబరు 5

చెన్నై నకలు సరిచూస్తే ఫైళ్లను జాబితాతో పోల్చే బ్యాగిట్ 11 ఫైళ్లు ‘లేవు’ అంది, ఇంకో 11 ‘లెక్కలో లేనివి’ అంది. ఫైళ్లన్నీ ఉన్నాయి, హ్యాష్‌లూ కలుస్తున్నాయి. రెండు గంటలు డిస్కును తిట్టాక తేలింది, తప్పు ‘ై’ ది.

కంప్యూటరు అక్షరాలకిచ్చే సంకేతాల పద్ధతి యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు తోక అని రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. నకలు తీసింది పాత మ్యాక్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులోకి. అది ఫైలు పేర్లను విడగొట్టి రాసుకుంటుంది. పేరులో ‘మైసూరు రోడ్డు’, ‘బైయప్పనహళ్లి’ ఉన్న 11 ఫైళ్ల పేర్లు అలా మారాయి. ఇకమీదట ఫైలు పేర్లు రోమన్ అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే: నగరం, ఏడాది, ఘటన సంఖ్య, ఫైలు సంఖ్య. తెలుగు శీర్షిక పట్టికలో ఉంటుంది. మనిషి పేరు ఫైలు పేరులో ఎలాగూ ఉండకూడదు.

దీనికి తమ్ముడులాంటిది ‘మ్యాన్‌హోల్’. ‘న్’కూ ‘హో’కూ మధ్య అక్షరాలను విడిగా ఉంచే, కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరం కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పెట్టకుండా టైపు చేస్తే ‘హ’ వత్తై ‘న’ కింద చేరిపోతుంది. వెతికితే సగమే దొరుకుతున్నాయి. వెతుకుడు సూచికలో ఆ అక్షరాన్ని తీసేయించాం. అసలు పాఠంలో మాత్రం ముట్టుకోలేదు.

అక్టోబరు 12

ఆర్టీఐ. కర్ణాటక నియమాల్లో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాలు. మేం రాసుకున్న పొడుగాటి దరఖాస్తును నాలుగు ముక్కలు చేశాం, ఒక్కోదానికి 10 రూపాయల పోస్టల్ ఆర్డర్.

‘మ్యాన్‌హోల్ మరణాల జాబితా ఇవ్వండి’ అని అడిగితే ‘అటువంటి జాబితా మా వద్ద లేదు’ అని రాసి చేతులు దులుపుకోవడం తేలిక. జాబితా అడగొద్దు, ఏ రిజిస్టరు ఉండి తీరాలో అది అడగాలి. డబ్బు కదిలిన చోట కాగితం ఉంటుంది కాబట్టి అకౌంట్స్ విభాగంలోని పరిహారం చెల్లింపుల రిజిస్టరు నకలు అడిగాం. నకలు ఇవ్వకపోతే సెక్షన్ 2(జె) కింద వచ్చి చూసుకుంటామని చివర ఒక వాక్యం.

పోలీసుల దగ్గర ఎఫ్ఐఆర్ ఒక్కటే అడిగితే సగం జారిపోతాయి. చాలా మరణాలు ముందు యూడీఆర్‌గా, అంటే అసహజ మరణంగా నమోదవుతాయి. కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చిన 2024 జులై 1కి ముందువైతే సీఆర్‌పీసీ 174, తర్వాతివైతే బీఎన్‌ఎస్‌ఎస్ 194. రెండు నంబర్లూ రాయాలి. ఘటనాస్థలంలో రాసే మహజరు (పంచనామా) నకలు కూడా అడగాలి. ఆ గుంత ఎంత లోతు, మూత ఎవరు తెరిచారు అన్నవి దొరికేది అందులోనే.

నవంబరు 2

కోర్టుకిచ్చే ధ్రువపత్రం నమూనా నింపి చూశాం. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇప్పుడు రెండు భాగాలు. మొదటిది పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు. పరికరం తయారీ, మోడల్, సీరియల్ లేదా ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య), హ్యాష్ ఏ పద్ధతిలో లెక్కించారో అన్నీ గళ్లలో రాయాలి. జులైలో తీసుకున్న ఫైళ్లలో మొదటి ఆరింటికి ఐఎంఈఐ రాసుకోలేదు. నలుగురు యజమానులు దొరికారు. ఒకతను ఫోను అమ్మేశాడు, డబ్బా ఉంది, డబ్బా మీద నంబరుంది. డబ్బా ఫొటో తీసి, ‘డబ్బా నుంచి’ అని గుర్తుపెట్టి ఎక్కించాం. ఆరో ఫోను జాడ లేదు. ఆ వీడియో ఆర్కైవ్‌లో ఉంటుంది, ధ్రువపత్రం ఇవ్వలేనిదిగా.

వచ్చే ఆదివారానికి: 2వ డిస్కు హ్యాష్ సరిచూపు, ‘రజ’ కింద ఇరుక్కున్న పేర్లలో తండ్రి పేరు ఉన్నవాటిని విడదీయడం, నాలుగో ఆర్టీఐకి 30 రోజులు నిండితే మొదటి అప్పీలు.